ఫేస్ పెయింటింగ్: పిల్లల బుగ్గ మీద పులి బొమ్మ సరే.. ఆ రంగు ఏ డబ్బాలోది?

బర్త్‌డే పార్టీ, స్కూల్ యానివర్సరీ, అపార్ట్‌మెంట్‌లో సంక్రాంతి సంబరాలు, పంద్రాగస్టు.. ఫంక్షన్ ఏదైనా ఇప్పుడు ఓ మూలన ఫేస్ పెయింటింగ్ స్టాల్ ఉండాల్సిందే. కేక్ కట్ చేసే దగ్గర కంటే అక్కడే పిల్లల గోల ఎక్కువ. ఒకరికి పులి కావాలి, ఇంకొకరికి సీతాకోక చిలుక, ఇంకో బుడ్డోడికి స్పైడర్‌మ్యాన్. పది నిమిషాల్లో ఫొటోలు వాట్సాప్ స్టేటస్‌లోకి ఎక్కేస్తాయి. అంతవరకు బాగానే ఉంటుంది. అసలు సంగతి కొన్నిసార్లు రాత్రి ముఖం కడిగేటప్పుడు బయటపడుతుంది. రంగు వదలదు. బుగ్గ ఎర్రగా కందిపోయి ఉంటుంది. పిల్లాడు మంట మంట అని ఏడుపు.

ఇలాంటప్పుడు తప్పు బొమ్మ వేసిన చేతిది కాకపోవచ్చు. డబ్బాది అయ్యుండొచ్చు. లేదంటే ముప్పై మందికి వాడిన ఒకే ఒక్క స్పాంజ్‌ది. అందుకే స్టాల్ పెట్టే స్కూల్ టీచర్లు, పార్టీ ఇచ్చే తల్లిదండ్రులు, క్యూలో పిల్లల్ని నిలబెట్టే వాళ్లు.. అందరూ ముందుగా చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి.

'నాన్ టాక్సిక్' అంటే ముఖానికి పూయొచ్చని కాదు!

పంద్రాగస్టుకు ముందు రోజు చాలా స్కూళ్లలో జరిగేది ఇదే. డ్రాయింగ్ క్లాసులో మిగిలిపోయిన పోస్టర్ కలర్స్ బయటికి తీస్తారు. అవి లేకపోతే పక్క వీధిలోని స్టేషనరీ షాపు నుంచి యాక్రిలిక్ ట్యూబులు తెప్పిస్తారు. కాషాయం, తెలుపు, ఆకుపచ్చ మూడూ దొరికితే చాలు, పని అయిపోయినట్టే. ట్యూబు మీద నాన్ టాక్సిక్ అని రాసి ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.

కానీ ఆ మాట కాగితం, గుడ్డ, చెక్క మీద బొమ్మలు వేసే పనికి సంబంధించింది. గంటల తరబడి చర్మానికి అంటి ఉన్నా ఏమీ కాదని ఇచ్చిన హామీ కాదది. యాక్రిలిక్ అంటే ఓ రకంగా ప్లాస్టిక్కే. ఆరిపోయాక పొరలా బిగుసుకుంటుంది. దాన్ని గోకి తీస్తుంటే ముఖం మీది సన్నటి నూగు కూడా ఊడొస్తుంది. పెద్దవాళ్లతో పోలిస్తే పిల్లల చర్మం పల్చన కదా, దెబ్బ తొందరగా తగులుతుంది. ఫ్యాబ్రిక్ కలర్స్, స్కెచ్ పెన్నులు, పర్మనెంట్ మార్కర్లు, గోళ్ల రంగు.. ఇవి కూడా ముఖం జోలికి రాకూడదు.

మరి ఇంట్లో ఉండేవి వాడితే? అవన్నీ మంచివే అనుకోవడం కూడా పొరపాటే. పసుపులో సున్నం కలిపితే మంచి ఎరుపు వస్తుంది, నిజమే. కానీ సున్నం క్షారం. కంటి దగ్గర, పెదాల దగ్గర పెడితే మండిపోతుంది. కొన్ని సింధూరాల్లో సీసం బయటపడిన సందర్భాలున్నాయి. పాతకాలం వీధి భాగోతాల వాళ్లు ముఖానికి పూసుకున్న అర్దళం సంగతే చూడండి. భూమిలో దొరికే పసుపు పచ్చని ఖనిజమే అయినా అది ఆర్సెనిక్ సమ్మేళనం. ఇప్పుడైతే కాస్మెటిక్స్‌లో రంగు కోసం ఆర్సెనిక్, సీసం సమ్మేళనాలు వాడటం మన దేశంలో నిషేధం.

డబ్బా తిప్పి చూస్తే తెలిసిపోతుంది

ముఖానికి పూసే రంగు చట్టం దృష్టిలో కాస్మెటిక్. 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం, 2020 నాటి కాస్మెటిక్స్ రూల్స్ దీనికి వర్తిస్తాయి. అంటే డబ్బా మీద తయారీదారు పేరు, చిరునామా, బ్యాచ్ నంబర్, ఎప్పటిలోగా వాడాలి, అందులో ఏమేం కలిపారు అన్న వివరాలు ఉండాలి. ఇక్కడ తయారైందైతే లైసెన్స్ నంబర్, విదేశీ సరుకైతే దిగుమతి చేసుకున్నవాళ్ల పేరు, రిజిస్ట్రేషన్ నంబర్ కూడా ఉండాలి. పన్నెండు రంగుల ప్లాస్టిక్ పెట్టె, మీద నవ్వుతున్న పిల్ల ఫొటో, వెనక్కి తిప్పితే ఏమీ లేదు.. అలాంటిది ఎంత చవకగా వచ్చినా వదిలేయండి.

ఇందులో రెండు రకాలుంటాయి. ఒకటి నీళ్లతో తడిపి వాడే బిళ్లలు. వాటర్ కలర్ బాక్స్‌లాగే ఉంటాయి, పూసిన నిమిషంలో ఆరిపోతాయి, సబ్బు నీళ్లతో పోతాయి. రెండోది జిడ్డు రకం. నాటకాలు, సినిమాల మేకప్‌కు బాగుంటుంది కానీ ఆరదు. పిల్లాడు చెయ్యి పెట్టి రుద్దితే ముఖమంతా ఒకటైపోతుంది. వాళ్లమ్మ చీరకు కూడా అంటుతుంది. కాబట్టి పిల్లల ఫంక్షన్లకు నీళ్ల రకమే సరైంది. స్నాజరూ, మెహ్రాన్ లాంటి కంపెనీల రంగులు ఫేస్ పెయింటింగ్ కోసమే తయారవుతాయి. క్రయోలాన్ కొనేవాళ్లు మాత్రం పేరు చూసుకోవాలి. ఆక్వాకలర్ అంటే నీళ్లది, సుప్రాకలర్ అంటే జిడ్డుది.

పిల్లల కోసమని అమ్మే రంగుల్లోనూ తేడాలు వస్తాయి. 2009లో అమెరికాలో ఓ కార్యక్రమంలో ఫేస్ పెయింట్ వేయించుకున్న పిల్లలకు దద్దుర్లు, దురద, మంట, వాపు వచ్చాయి. అక్కడి ఎఫ్‌డీఏ పరీక్షిస్తే రంగుల్లో సూక్ష్మజీవులు భారీగా ఉన్నట్టు తేలింది. ఆ సరుకును మార్కెట్ నుంచి వెనక్కి తీసుకున్నారు. అదే ఏడాది అక్కడి ఓ స్వచ్ఛంద సంస్థ పది రకాల ఫేస్ పెయింట్లు పరీక్ష చేయిస్తే.. పదింటిలోనూ సీసం ఆనవాళ్లు దొరికాయి. మోతాదు తక్కువే అయినా, పిల్లల విషయంలో సీసానికి సురక్షితమైన స్థాయి అంటూ లేదన్నది వైద్యుల మాట.

ఇంకో సంగతి. చీకట్లో మెరిసే 'రేడియం' రంగులు, నియాన్ రంగులు పిల్లలకు భలే ఇష్టం. వీటిని కళ్ల చుట్టూ వాడటానికి ఎఫ్‌డీఏ అనుమతి లేదు. చెంప మీదో, చేతి మీదో చిన్న బొమ్మతో సరిపెట్టడం మేలు. తళుకులు కావాలంటే కాస్మెటిక్ గ్లిట్టరే కొనాలి. గ్రీటింగ్ కార్డుల మీద చల్లే రకం గరుకుగా, కోసుగా ఉంటుంది. కంట్లో పడితే కనుగుడ్డు మీద గీత పడుతుంది. పక్క స్టాల్‌లో బ్లాక్ హెన్నా టాటూ వేస్తుంటే పిల్లల్ని అటు పంపకండి. నల్లటి నలుపు కోసం జుట్టు రంగుల్లో వాడే పీపీడీ అనే రసాయనం అందులో కలుపుతుంటారు. చర్మం బొబ్బలెక్కే ప్రమాదం ఉంది. మామూలు గోరింటాకు ఎప్పుడూ కారునలుపు పండదు.

రెండు రోజుల ముందే చిన్న చుక్క

అలర్జీ ఉందో లేదో తెలుసుకోవడానికి రెండు రోజుల ముందు మోచేతి లోపలి వైపు చిన్న చుక్క పెట్టి చూడాలి. అప్పటికప్పుడు పెట్టి పావుగంట చూస్తే చాలదా అని అడుగుతారు. చాలదు. కొన్ని అలర్జీలు ఒకటి రెండు రోజులకు గానీ పైకి తేలవు. బయట ఫంక్షన్‌లో ఇది కుదరదు కాబట్టి, ఎగ్జిమా ఉన్న పిల్లలు, ఇంతకు ముందు క్రీములు పడని పిల్లలు ముఖానికి వేయించుకోకపోవడమే మంచిది. స్కూళ్లయితే పేరెంట్స్ గ్రూపులో రంగు డబ్బా ఫొటో ముందే పెట్టి, వద్దన్న వాళ్ల పేర్లు రాసుకోవచ్చు. అదేం పెద్ద పని కాదు.

మూడేళ్లలోపు పిల్లల విషయంలో మాత్రం మొహమాటం వద్దు. ముఖానికి వేయకపోవడమే పద్ధతి. వాళ్లు కుదురుగా ఉండరు, కళ్లు రుద్దుకుంటారు. చేతికి వేసినా వేళ్లు నోట్లో పెట్టుకుంటారు. మరీ ముచ్చటగా ఉంటే భుజం దగ్గర చిన్న పువ్వు వేయించండి.

ఒకే స్పాంజ్‌తో ముప్పై ముఖాలా?

మంచి రంగు తెచ్చినా చాలామంది దెబ్బతినేది ఇక్కడే. ఒక పిల్లాడి ముక్కు కింద తిరిగిన స్పాంజ్, అదే నీళ్లలో ముంచి తర్వాతి పాప బుగ్గ మీద. కళ్లకలక, తామర, చీముపొక్కులు ఒకరి నుంచి ఒకరికి అంటుకోవడానికి ఇంతకంటే దగ్గరి దారి ఏముంటుంది? మనిషికో స్పాంజ్ అన్నది పెట్టుకోవాల్సిన మొదటి నియమం. మేకప్ స్పాంజ్‌లను ముందే ముక్కలు చేసి పెట్టుకుంటే ఖర్చు పెద్దగా కాదు. వాడింది వాడినట్టు వేరే కవర్లో వేసి, ఇంటికెళ్లాక సబ్బుతో ఉతికి ఎండలో ఆరేయాలి. బ్రష్‌లకు రెండు గ్లాసులు ఉండాలి. ఒకటి కడగడానికి, రెండోది శుభ్రమైన నీళ్లు తీసుకోవడానికి. నీళ్లు మురికైతే మార్చాల్సిందే.

బొమ్మలు బాగా వేసే వాళ్లలో కొందరికి ఓ అలవాటు ఉంటుంది. బ్రష్ మొన సన్నబడాలని పెదాలతో తడుపుతారు. త్వరగా ఆరాలని నోటితో ఉఫ్ మని ఊదుతారు. ఈ రెండూ స్టాల్‌లో వద్దే వద్దు. విసనకర్రో, చిన్న చార్జింగ్ ఫ్యానో పెట్టుకోవచ్చు.

ముఖం మీద పుండు, దద్దురు, గీత ఉన్నా, కళ్లు ఎర్రగా ఉన్నా ఆ పిల్లలకు వేయకూడదు. అయితే అందరి ముందూ 'నీకు వేయను, పో' అనేస్తే ఆ చిన్న మనసు ఎంత చివుక్కుమంటుంది? 'నీకు స్పెషల్‌గా చేతి మీద వేస్తా నాన్నా' అంటే సంతోషంగా చెయ్యి చాపుతారు. చేతి మీదా కుదరకపోతే ఓ స్టిక్కర్. అందుకోసమే పది స్టిక్కర్లు దగ్గర పెట్టుకోవాలి.

నాలుగు నిమిషాల్లో పులి

దసరాకు, పీర్ల పండక్కి పులి వేషం కట్టే వాళ్లు రంగుల కోసం గంటలు గంటలు నిలబడతారు. ఐదేళ్ల పిల్లాడు నాలుగైదు నిమిషాలు కూర్చుంటే గొప్ప. అందుకే వేగం ముఖ్యం.

ముందు తడి గుడ్డతో ముఖం తుడవాలి. ముక్కు కారుతుంటే అది కూడా. స్పాంజ్‌ను బాగా పిండి, పసుపు లేదా నారింజ రంగు నుదుటి మీద, బుగ్గల మీద అద్దాలి. నీళ్లు ఎక్కువైతే కారుతుంది, పొర మందమైతే నవ్వినప్పుడు పగులుతుంది. కనుబొమ్మల పైన, మూతి చుట్టూ, గడ్డం మీద తెలుపు. ఎప్పుడూ లేత రంగు ముందు, నలుపు ఆఖరున. చారలు ముఖం అంచు నుంచి లోపలికి లాగాలి. మొదట్లో మందంగా, చివరికి సన్నగా. ముక్కు కొసన నలుపు, మూతికి రెండు వైపులా మూడేసి చుక్కలు.. పులి రెడీ. పెదాలకు రంగు వద్దు. ఎలాగూ నాకేస్తారు.

చెయ్యి వణక్కుండా చిటికెన వేలును పిల్లల చెంప మీద ఆనించుకోవాలి. తలను గట్టిగా పట్టుకుంటే బెదురుతారు. నడినెత్తి మీద చెయ్యి తేలిగ్గా ఉంచితే చాలు, కదలడం తగ్గిపోతుంది. కంటి దగ్గరికి వచ్చేసరికి 'పైకి చూడు బంగారం, ఫ్యాన్‌కు రెక్కలెన్ని?' అని అడిగితే కళ్లు వాటంతటవే పైకి వెళ్తాయి. ఆ రెండు సెకన్లలో గీత పడిపోవాలి. కంటి రెప్ప అంచుకు, నీరు కారే మూలకు రంగు వెళ్లకూడదు.

'ఏం కావాలి?' అని వదిలేస్తే నిమిషాలు గడిచిపోతాయి. ఆరో ఎనిమిదో బొమ్మలతో ఓ చార్ట్ పెట్టుకుని, సిగ్గుపడే పిల్లల్ని 'పులా? సీతాకోక చిలుకా?' అని రెండే అడగాలి. ముఖమంతా వేయించుకోవడానికి భయపడితే బుగ్గ మీద నక్షత్రం. అమ్మ బలవంతం మీద కూర్చున్న పిల్ల ఏడుస్తుంటే మాత్రం బ్రష్ కింద పెట్టేయాలి. ఫొటో రేపైనా తీసుకోవచ్చు. అయిపోగానే అద్దం చూపించడం మర్చిపోవద్దు, అసలు మజా ఆ క్షణంలోనే ఉంది.

ఇక లెక్క. బుగ్గ బొమ్మలైతే గంటకు పన్నెండు నుంచి పదిహేను మంది. ముఖమంతా వేస్తే ఎనిమిది, పది మందికి మించదు. యాభై మంది పిల్లలుండే ఫంక్షన్‌లో ఒక్క ఆర్టిస్ట్‌ను పెట్టి గంటన్నర టైమిస్తే గొడవ ఖాయం. చివరి పిల్లలు ఏడుస్తూ ఇంటికెళ్తారు. చిన్న బొమ్మలకే పరిమితం చేయడమో, ఇద్దరిని పెట్టడమో ముందే తేల్చుకోవాలి. టోకెన్లు ఇస్తే ఇంకా నయం. స్టాల్ నీడలో ఉండాలి. మన ఎండలకు చెమట పడితే నీళ్ల రంగు నిలవదు. నిలవడానికని హెయిర్ స్ప్రే కొట్టే వాళ్లున్నారు, పిల్లల ముఖానికి అది అసలు వద్దు.

ఇంటికొచ్చాక ఎలా కడగాలి?

రంగుతోనే పడుకోబెట్టకండి. గోరువెచ్చని నీళ్లు, పిల్లల సబ్బు నురుగు చేసి మెత్తని గుడ్డతో తుడిస్తే చాలావరకు పోతుంది. ముందే గరగరా రుద్దితే రంగు కంటే ముందు చర్మం లేస్తుంది. జిడ్డు రకం రంగైతే కొబ్బరి నూనె రాసి, రెండు నిమిషాలాగి దూదితో తీసి, తర్వాత సబ్బు. ఆకుపచ్చ, నీలం, ఎరుపు కొద్దిగా మరక వదులుతాయి. కంగారు వద్దు, ఒకట్రెండు స్నానాలకు పోతుంది.

రంగు పూస్తుండగానే మంట అన్నారంటే ఫొటో కోసం ఆగకుండా వెంటనే కడిగేయాలి. కంట్లో పడితే కుళాయి నీళ్లతో పావుగంట పాటు ధారగా కడగాలి. ఎరుపు, నొప్పి తగ్గకపోతే కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. పెదాలు, కళ్లు వాచినా, ఊపిరి ఆడటం కష్టంగా ఉన్నా ఇంటి చిట్కాలతో టైమ్ వేస్ట్ చేయకుండా 108కి ఫోన్ చేయండి. వెళ్లేటప్పుడు స్టాల్‌లో వాడిన రంగు డబ్బాను ఫొటో తీసి పట్టుకెళ్తే, అందులో ఏం కలిపారో డాక్టర్‌కు అక్కడే తెలుస్తుంది.