పసిపాపకు పక్క ఎక్కడ?

ఇల్లెందులోనో, కొత్తగూడెంలోనో రెండు గదుల ఇల్లు. ఒకటి వంటకు, ఒకటి అందరికీ. ఆసుపత్రినుంచి తెచ్చిన పసికందును ఎక్కడ పడుకోబెట్టాలి? తల్లి పక్కలోనే అంటుంది అమ్మమ్మ. దూలానికి చీర ఉయ్యాల కట్టమంటుంది నాయనమ్మ. ఇద్దరిదీ ప్రేమే!

బిడ్డ తల్లి చేతికి అందేంత దూరంలో ఉండటం మంచిదే. పాలకు లేవడం సులువు. కాని పక్క మాత్రం వేరుగా ఉండాలి. నులకమంచం నడుమ కుంగుతుంది. అలసి నిద్రపోయిన తల్లివైపు బిడ్డ జారితే ఊపిరాడదు. చీర ఉయ్యాలలోనూ మెడ వంగి గడ్డం గుండెకు ఆనుతుంది. కనుక అది పగలు, ఎదుట మనిషి ఉన్నప్పుడే.

మరి నేలమీదనో? భద్రాచలం, చర్ల వైపు అడవి అంచు ఇళ్లలోకి వానకాలపు రాత్రుల్లో కట్లపాము వస్తుంది. నేలమీద నిద్రించేవారికే దానివల్ల ఎక్కువ ప్రమాదం. మలేరియా దోమ కుట్టేదీ రాత్రివేళే.

అందుచేత వడ్రంగిచేత కాళ్లున్న, అడుగు చదునైన చెక్క తొట్టె చేయించండి. పలుచని బొంత బిగుతుగా పరచి, దిండు లేకుండా వెల్లకిలా పడుకోబెట్టండి. అమెరికాలో 1994లో ఈ మాటే ఇంటింటా ప్రచారం చేశాక, నిద్రలో శిశువుల ఆకస్మిక మరణాలు కొన్నేళ్లలో దాదాపు సగానికి తగ్గాయి. దోమతెర అంచులు నాలుగువైపులా దోపండి. పొయ్యి పొగ, సాంబ్రాణి పొగ చేరని మూల చూడండి.

నాయనమ్మగారు నొచ్చుకుంటే, పగటి ఉయ్యాల ఆవిడదేనని చెప్పండి. రాత్రి తొట్టె మాత్రం తల్లి మంచం పక్కనే!