ఫార్మింగ్ గేమ్ ఫోన్‌లోనా, పీసీలోనా? ముందు మోడ్స్ సంగతి తేల్చుకోండి

విజయవాడ ఆటోనగర్‌లో ఒక్క రోజు తిరిగినా చాలు, మోడ్ అంటే ఏంటో వేరే చెప్పక్కర్లేదు. చాలా లారీలు కంపెనీ నుంచి ఇంజనూ, ఛాసిస్సూ, ముందు కాస్త రేకు కట్టుతోనే వచ్చేవి. క్యాబిన్, వెనక బాడీ, తలుపుల మీద బొమ్మలు, బంపర్ మీద పేర్లు అన్నీ ఇక్కడి షెడ్లలోనే. ధాన్యం బస్తాలు మోసే బండికి ఒక రకం బాడీ, కంకరకి ఇంకో రకం. కంపెనీ చేసిన బండిని మన పనికి తగ్గట్టు మార్చుకోవడమే కదా మోడ్ అంటే.

ఫార్మింగ్ సిమ్యులేటర్, స్టార్‌డ్యూ వ్యాలీ లాంటి గేములు ఆడాలనుకునే చాలామంది మొదట అడిగేది "ఫోన్‌లో కొనాలా, పీఎస్5లోనా, పీసీలోనా?" అని. ఈ ప్రశ్న రెండోది. మొదటిది "నాకు మోడ్స్ కావాలా, వద్దా?" అనేది. దానికి జవాబు దొరికితే ప్లాట్‌ఫామ్ దానంతటదే తేలిపోతుంది. ఇది తేలకుండా డబ్బు పెడితే రెండోసారి కొనాల్సి వస్తుంది, ఎందుకంటే కన్సోల్‌లో కొన్న గేమూ, అందులో సాగు చేసిన పొలమూ పీసీకి మారవు.

మన వరి ఉందా లేదా?

కృష్ణా డెల్టా కుర్రాళ్లకి ఈ గేముల మీద ఉన్న పెద్ద కంప్లైంట్ ఇదే. ఎప్పుడు చూసినా గోధుమ, మొక్కజొన్న, యూరప్ పొలాలు. స్విట్జర్లాండ్ కంపెనీ జయంట్స్ సాఫ్ట్‌వేర్ 2008లో సిరీస్ మొదలుపెడితే, ఒరిజినల్ గేమ్‌లోకి వరి వచ్చింది 2024 నవంబర్ 12న రిలీజైన ఫార్మింగ్ సిమ్యులేటర్ 25లో. దాంతోపాటు గేదెలు, మేకలు, హుటాన్ పంటాయ్ అనే తూర్పు ఆసియా మ్యాపూ వచ్చాయి. పొట్టి గింజ వరికి మడిలో నీళ్లు పెట్టాలి, నారు తెచ్చి యంత్రంతో నాట్లు వేయాలి. పొడుగు గింజ రకాన్ని మామూలు పొలంలోనే విత్తేయొచ్చు. మన దగ్గర వెద పద్ధతి చూసినవాళ్లకి ఇది కొత్తగా ఏం అనిపించదు.

అయినా డెల్టా వాసన రాదు. నాట్లకి ముందు ఇనప చక్రాలు తగిలించి బురదలో దమ్ము చేస్తామే, ఆ పనికి ఆటలో చోటు లేదు. సార్వా, దాళ్వా అని కాలవ నీటి లెక్క లేదు. మన ఊళ్లలో కనిపించే ట్రాక్టర్లు చాలావరకు గేమ్ షాపులో దొరకవు. వెనక ఎర్ర రంగు ట్రక్కు, దాని మీద రాసిన పిల్లల పేర్లు అసలే ఉండవు. ఇవి లేకపోయినా పర్లేదు, సాయంత్రం ఓ గంట ప్రశాంతంగా పొలం దున్నుకుంటే చాలు అనుకుంటే మీకు మోడ్స్ అక్కర్లేదు. నిజానికి ఎక్కువమందికి అక్కర్లేదు. నాకు మాత్రం ఆ ట్రక్కు కావాలి.

ఎక్కడ ఎంత వరకు?

ఫోన్‌లో సంగతి సూటిగా చెప్పేస్తా. 2023 మేలో స్విచ్, ఆండ్రాయిడ్, ఐఫోన్లకి వచ్చిన ఫార్మింగ్ సిమ్యులేటర్ 23 మంచి గేమే, బస్సులో వెళ్తూ ఆడుకోవడానికి సరిపోతుంది. కానీ అందులో మోడ్స్ లేవు.

పీఎస్5, ఎక్స్‌బాక్స్ సిరీస్ మోడల్స్‌లో ఉన్నాయి, కానీ గేమ్ లోపలి మోడ్‌హబ్ నుంచి వచ్చేవే. ఇది మన బ్రేక్ ఇన్‌స్పెక్టర్ దగ్గర పాసైన బండి లాంటిది. కంపెనీ పరీక్షించి వదులుతుంది కాబట్టి భయం తక్కువ. కొత్త ట్రాక్టర్లు, ట్రైలర్లు, మ్యాపులు దొరుకుతాయి. గేమ్ నడిచే తీరునే మార్చే స్క్రిప్ట్ మోడ్స్ మాత్రం కన్సోల్‌కి రావు. కోర్స్‌ప్లే, ఆటోడ్రైవ్ లాంటివి వాడి పనివాళ్ల బండ్లని మీరు గీసిన దారిలోనే తిప్పాలనుకుంటే పీసీ ఒక్కటే దిక్కు. పీసీలో మోడ్‌హబ్ ఉంటుంది, బయట దొరికేవీ పెట్టుకోవచ్చు, సొంతంగానూ చేసుకోవచ్చు. ఒక్కటి గుర్తుంచుకోండి: పీఎస్5 ఉన్న ఫ్రెండ్‌తో పీసీ నుంచి కలిసి ఆడొచ్చు గానీ, అప్పుడు ఇద్దరి దగ్గరా దొరికే మోడ్‌హబ్ మోడ్సే పనిచేస్తాయి.

దీనికి గ్రాఫిక్స్ కార్డ్ ఉన్న పీసీ కావాలి. అది లేదు, కాలేజీ ల్యాప్‌టాపే ఉంది అంటే స్టార్‌డ్యూ వ్యాలీ తీసుకోండి. ఎరిక్ బరోన్ అనే ఒకే ఒక్క మనిషి తయారుచేసి 2016లో వదిలిన ఈ గేమ్ పాత మెషీన్ల మీద కూడా నడుస్తుంది. పీసీలో స్మాపీ అనే ఉచిత టూల్ వేసుకుంటే వేల మోడ్స్. ఫోన్‌లో కూడా గేమ్ బాగుంటుంది, కానీ ఆండ్రాయిడ్‌లో అధికారికంగా మోడ్స్ సపోర్ట్ లేదు. అప్‌డేట్లూ లేటే: 1.6 పీసీకి 2024 మార్చిలో వస్తే, ఫోన్లకీ కన్సోల్స్‌కీ నవంబర్ దాకా రాలేదు.

మోడ్ వేరు, మోడ్ ఏపీకే వేరు

ఇక్కడ కాస్త ఆగి చదవండి. ఫార్మింగ్ గేమ్ పేరు పక్కన 'మోడ్' అని కొట్టి ఫోన్‌లో వెతికితే వచ్చేది మోడ్ కాదు. 'అన్‌లిమిటెడ్ మనీ' అని రాసి పెట్టిన, ఎవరో విప్పి మళ్లీ కుట్టిన ఏపీకే. అసలు మోడ్ అంటే మీరు కొన్న గేమ్‌కి అదనంగా తగిలించే భాగం. ఆ ఏపీకే మొత్తం బండినే మార్చేసి, నంబర్ ప్లేట్ అదే ఉంచినట్టు. లోపల ఏం పెట్టారో మీకు తెలిసే దారే లేదు. అది తెలియని యాప్‌లని ఇన్‌స్టాల్ చేయనివ్వమంటుంది, ఆ తర్వాత యాక్సెసిబిలిటీ, ఎస్ఎంఎస్ పర్మిషన్లు కూడా అడగొచ్చు. పొలం దున్నే గేమ్‌కి మీ మెసేజ్‌లతో ఏం పని? మీ యూపీఐ, బ్యాంక్ ఓటీపీలు ఉన్నది అదే ఫోన్‌లో. చాలా ఇళ్లలో అది నాన్న ఫోన్ కూడా.

ఫోన్‌లోనే మోడ్ సరదా తీరాలంటే సక్రమమైన దారి ఒకటుంది: బస్ సిమ్యులేటర్ ఇండోనేషియా. మాలియో అనే ఇండోనేషియా స్టూడియో 2017లో తెచ్చిన ఈ గేమ్‌లో బండి మోడ్స్ పెట్టుకునే ఏర్పాటు గేమ్‌లోనే ఉంది. లివరీ అంటే ఒక బొమ్మ ఫైలు, అంతే. మన ఆర్టీసీ రంగులు వేసిన బస్సులు అందులో తిరుగుతున్నాయంటే కారణం అదే. వ్యవసాయం కాదు, ఒప్పుకుంటా.

పీసీలో మొదలుపెడితే

మొదటి పంట మోడ్స్ లేకుండా పండించండి. ఏది లేక ఇబ్బంది అయిందో అప్పుడే తెలుస్తుంది, దానికి మాత్రమే మోడ్ వెతకండి. ఒకేసారి యాభై వేస్తే గేమ్ ఆగిపోయినప్పుడు తప్పు ఎవరిదో పట్టుకోలేరు. ఫార్మింగ్ సిమ్యులేటర్ మోడ్ జిప్ ఫైల్‌గా వస్తుంది, విప్పకుండా అలాగే మోడ్స్ ఫోల్డర్‌లో వేయాలి. 'మోడ్' అని చెప్పి ఈఎక్స్ఈ ఫైల్ ఇస్తే డిలీట్ చేసేయండి. సేవ్‌గేమ్ ఫోల్డర్‌ని ముందే ఇంకోచోట కాపీ పెట్టుకోండి. మోడ్ తీసేస్తే దాని బండ్లు పొలంలో ఉండవు. స్టార్‌డ్యూలో అయితే మోడ్ తెచ్చిన వస్తువులు 'ఎర్రర్ ఐటమ్'గా మిగులుతాయి. గేమ్‌కి పెద్ద అప్‌డేట్ వచ్చిన వారం మోడ్స్ తడబడటం మామూలే, ఓ పది రోజులు ఓపిక పట్టండి. అలాగే ఫార్మింగ్ సిమ్యులేటర్ 22 మోడ్స్ 25లో నేరుగా పనిచేయవు.

ఇక ఆ ఎర్ర ట్రక్కు. ఎవరో చేస్తారని చూడటం ఎందుకు? జయంట్స్ ఎడిటర్ ఉచితం, బ్లెండర్ ఉచితం. చక్రాలు, ఇరుసు, నాలుగు రేకు పక్కలు, వెనక తలుపు. మొదటి మోడల్‌కి ఇంతకంటే తేలికైన బండి ఉండదు. కొలతలకి నెట్ వెతకక్కర్లేదు. టేపు తీసుకుని ఆటోనగర్‌లో ట్రక్కులు కట్టే ఏ షెడ్డుకైనా వెళ్లి, మేస్త్రీని అడిగి కొలుచుకోండి. భోజనాల వేళ వెళ్తే వెల్డింగ్ ఆగి ఉంటుంది, ఫొటోలు కూడా బాగా వస్తాయి.