వెండి నాణెం – ఊరి హోటలు

శుక్రవారం వచ్చిందంటే మన ఇళ్లలో కహఫ్ సూరా పారాయణం చేస్తారు. అందులోని గుహవాసుల గాథ చిన్నపిల్లలకు కూడా తెలుసు. విశ్వాసాన్ని కాపాడుకోవడానికి ఊరు విడిచి గుహలో తలదాచుకున్న ఆ యువకులు 309 ఏళ్ల తర్వాత నిద్ర లేచారు. ఎంతకాలం పడుకున్నారో వాళ్లకే తెలియదు. ఆకలి మాత్రం తెలుస్తోంది. తమలో ఒకరి చేతికి వెండి నాణెం ఇచ్చి పట్నానికి పంపారు. అంత ఆకలిలోనూ ‘ఏది దొరికితే అది పట్టుకురా’ అనలేదు. ఎవరి దగ్గర ఆహారం ఎక్కువ శుద్ధంగా ఉందో చూసి తెమ్మన్నారు. మెత్తగా మసలుకోమని కూడా చెప్పారు (18:19).

ఊరుగాని ఊళ్లో మంచి భోజనం వెతుక్కునేవారికి ఇంతకు మించిన సలహా ఏముంటుంది? చేతిలో సొంత డబ్బు, కంటికి పరీక్ష, నోటికి మర్యాద. ఈ మూడూ పట్టుకుని మన నందిగామ, జగ్గయ్యపేటల్లో హోటళ్ల గడప తొక్కి చూద్దాం.

దారి పక్క దీపాలు, ఊళ్లో పొయ్యిలు

హైదరాబాద్ – విజయవాడ జాతీయ రహదారి ఈ ప్రాంతానికి ప్రాణనాడి. ఒకప్పుడు దాని సంఖ్య 9, ఇప్పుడు 65. నాలుగు వరుసల రోడ్డు వచ్చాక బండ్లు ఊళ్లను తాకకుండానే దూసుకుపోతున్నాయి. నందిగామ పక్కనుంచే వెళ్లిపోతున్నారు. జగ్గయ్యపేటకైతే చిల్లకల్లు దగ్గర పనిగట్టుకుని తిరగాలి. 2014లో రాష్ట్రం విడిపోయి పేట సరిహద్దు పట్టణమైంది. 2022లో ఈ రెండు ఊళ్లూ కృష్ణా జిల్లా నుంచి ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్లాయి. ప్రయాణికుల ఆకలి మాత్రం ఏ జిల్లాలోనైనా ఒకటే.

రోడ్డు పక్కన రంగుదీపాల హోటళ్లకు కొదవ లేదు. అక్కడ తినేవాడు మళ్లీ ఆ దారిన ఎప్పుడొస్తాడో తెలియదు. ఊళ్లో హోటలు సంగతి వేరు. ఈరోజు బిర్యానీ తిన్నవాడు రేపు పొద్దున టీకి వస్తాడు. కూర పాచిపోతే మధ్యాహ్నానికల్లా బజారంతా తెలిసిపోతుంది. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తన తండ్రి జగ్గయ్య పేరిట నిలిపిన ఈ పేట మొదటినుంచీ వర్తకుల ఊరు. బేరం కుదరాలంటే మాట నిలబడాలని ఇక్కడ అందరికీ తెలుసు. కాబట్టి పది నిమిషాలు ఆలస్యమైనా పర్వాలేదు, ఊళ్లోకి తిరగండి.

ఎవరిని అడగాలి?

బోర్డును అడక్కండి, మనిషిని అడగండి. బస్టాండు దగ్గర ఆటోవాళ్లు రోజూ ఎక్కడ తింటారో కనుక్కోండి. పత్తి, మిర్చి బస్తాలు మోసే హమాలీలను అడగండి. ఒళ్లు వంచి పనిచేసేవాడు కడుపుకు తేడా చేసే తిండి రెండోసారి తినడు. అందరికంటే మంచి సాక్షి మటన్ కొట్టు యజమాని. తెల్లవారుజామున ఏ హోటలువాళ్లు వచ్చి ఎలాంటి మాంసం తీసుకెళ్లారో, మిగిలిపోయిన ముక్కల కోసం సాయంత్రం ఎవరు బేరమాడారో ఆయనకే తెలుసు. జబీహా సంగతి కూడా అక్కడే తేలిపోతుంది.

జుమా రోజు ఇంకా సులువు. పెనుగంచిప్రోలు, వత్సవాయి, చందర్లపాడు, వీరులపాడు వైపునుంచి పనుల మీద వచ్చినవాళ్లు పట్టణంలో నమాజు ముగించుకుని మసీదు మెట్లు దిగుతారు. వాళ్లు ఎటు నడుస్తున్నారో చూసి వెనకే వెళ్లండి.

బిర్యానీ తినాలనుకుంటే డేగిశా మూత తీసే వేళకు వెళ్లండి. మధ్యాహ్నం నమాజు అయ్యేసరికి వేడివేడిగా ఉంటుంది. మూడు దాటితే అడుగున మిగిలినదే. మాంసం విషయంలో అనుమానం తీరకపోతే ఇడ్లీ, పెసరట్టు ఉన్న శాకాహార హోటలుకు వెళ్లడంలో చిన్నతనం లేదు. శుభ్రంగా వండిన పప్పన్నం కూడా అల్లాహ్ ప్రసాదమే.

హలాల్ ఒక్కటే చాలదు

ఖుర్ఆన్ భుజించమన్నది హలాల్ ఆహారాన్ని మాత్రమే కాదు, హలాల్‌తో పాటు ‘తయ్యిబ్’ అనే మాట కూడా ఉంది (2:168). అంటే శుచిగా, మంచిగా ఉన్నది. మనలో చాలామంది మొదటి మాట దగ్గరే ఆగిపోతాం. బోర్డు మీద 786 చూసి కళ్లు మూసుకుని కూర్చుంటాం. లోపల ఈగలు ముసిరినా, గ్లాసులు ఒకే బకెట్ నీళ్లలో ముంచి తీసినా ‘మనవాళ్ల హోటలే కదా’ అని సరిపెట్టుకుంటాం. మనవాడు కాబట్టే గట్టిగా చూడాలి. ఆ బోర్డు కింద అపరిశుభ్రత కనిపిస్తే చెడ్డపేరు ఆ ఒక్కడితో ఆగదు.

అలాగని అతి అనుమానం కూడా మంచిది కాదు. కొత్తగా ఇస్లాం స్వీకరించినవారు తెచ్చిన మాంసంపై అల్లాహ్ నామం ఉచ్చరించారో లేదోనని కొందరు సందేహపడినప్పుడు, మీరే ఆయన నామం స్మరించి తినమని దైవప్రవక్త (స) చెప్పినట్టు హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖించారు (బుఖారీ). సందేహాన్ని తవ్వుకుంటూ కూర్చోవద్దు, కంటికి కనిపించేదాన్ని వదిలెయ్యవద్దు.

కంటికి కనిపించేవి ఇవి: హోటలుకు ఆహార భద్రతా శాఖ ఇచ్చిన 14 అంకెల నంబరు గోడ మీద ఉందా? బజ్జీల నూనె నల్లబడి పొగలు కక్కుతోందా? పదేపదే కాచిన నూనెలో చేరే హానికర పదార్థాలకు 2018 జులై నుంచి చట్టం 25 శాతం హద్దు పెట్టింది. మన కంటికి ఆ లెక్క తెలియకపోయినా రంగు, వాసన తెలుస్తాయి. బిర్యానీ మరీ ఎర్రగా మెరిస్తే మసాలా గొప్పదనం అనుకోవద్దు, రంగు కలిపారేమో అడగండి. వేడి పునుగులు పాత పేపర్లో కట్టిస్తుంటే వద్దనండి, సిరా ఒంటికి మంచిది కాదు. ఈ పేజీనైతే అసలే ఇవ్వవద్దు, ఇందులో అల్లాహ్ పేరుంది.

గ్లాసులు కడిగే చేతులు

ఇంకొకటి కూడా చూడాలి. బల్లలు తుడిచే పిల్లవాడి వయసెంత? హోటళ్లలో, ధాబాల్లో, టీ కొట్లలో పిల్లలను పనిలో పెట్టుకోవడాన్ని 2006 అక్టోబరు 10 నుంచి నిషేధించారు. చట్టం కంటే ఎంతో ముందే, వంట చేసి తెచ్చిన సేవకుణ్ణి పక్కన కూర్చోబెట్టుకోమని, లేదంటే ఒకటి రెండు ముద్దలైనా ఇవ్వమని ప్రవక్త (స) బోధించారు. బడికి పోవలసిన పిల్లవాడు కడిగిన పళ్లెంలో మాంసం హలాల్ కావచ్చు. అది తయ్యిబేనా?

బస్సు కిటికీ దగ్గర తల్లి

దారిలో బస్సు ఆగుతుంది. మగవాళ్లు దిగి టీ తాగుతారు. బుర్ఖాలో చంటిబిడ్డతో ఉన్న తల్లి సీట్లోనే ఉండిపోతుంది. భర్త కిటికీలోంచి గ్లాసు అందిస్తాడు. ఆమె తాగదు. మరుగుదొడ్డి ఎలా ఉంటుందో అని దాహం చంపుకుంటుంది. ఊళ్లోనూ అంతే. ఏ హోటలు బిర్యానీ బాగుంటుందో మన ఆడవాళ్లకు తెలుసు, పార్శిల్ ఇంటికొస్తుంది కాబట్టి. ఆ హోటలు లోపల ఎలా ఉంటుందో చాలామందికి తెలియదు.

కాబట్టి మంచి హోటలుకు అసలు పరీక్ష ఇదే: మీ అమ్మను, భార్యను, కూతుర్ని అక్కడ నిశ్చింతగా కూర్చోబెట్టి తినిపించగలరా? హోటలు నడిపే సోదరులకు మనవి: ఒక మూల కుటుంబాల కోసం బల్ల, గడియ ఉన్న శుభ్రమైన మరుగుదొడ్డి, వుజూకు ఒక కుళాయి. వీటికయ్యే ఖర్చు ఎక్కువేమీ కాదు, పుణ్యం మాత్రం ఎక్కువ.

చివరగా మర్యాద

ప్రవక్త (స) ఏనాడూ భోజనానికి వంక పెట్టలేదు. ఇష్టమైతే తిన్నారు, లేకుంటే వదిలేశారు. ఆయనే బజారులో ధాన్యం రాశిలో చెయ్యి పెట్టి, లోపల తడి తగిలినప్పుడు అమ్మేవాణ్ణి నిలదీశారు. మోసం చేసేవాడు మనవాడు కాదన్నారు. ఈ రెంటి మధ్య తేడా గుర్తుంచుకుందాం. ఉప్పు తగ్గితే ఊరుకోండి. పాచిపోయినది వడ్డిస్తే గల్లా దగ్గరికి వెళ్లి నెమ్మదిగా, స్పష్టంగా చెప్పండి. అప్పటికీ మారకపోతే అధికారులకు చెప్పండి. బాగుంటే మాత్రం ఆ మాట వంటవాడికే చెప్పి, నలుగురికీ చెప్పండి. చిన్న హోటలుకు అంతకంటే గొప్ప బోర్డు లేదు.

ఆ యువకుడి చేతిలో ఉన్నది వెండి నాణెం. మన జేబులో ఉన్నవి కష్టపడి సంపాదించిన నోట్లు. అవి శుచిగా వండే చేతికి చేరేలా అల్లాహ్ మనకు చూసే కన్ను, చెప్పే నోరు ప్రసాదించుగాక! ఆమీన్.