బఫెలోలో ఒక ప్రకటన, గుండెలో 25 అక్షరాలు

1997 మార్చి 23, ఆదివారం. అమెరికాలోని బఫెలో నగర దినపత్రికలో ఒక ప్రకటన వచ్చింది. మానవ జన్యుపటం తయారీకి రక్తం ఇవ్వడానికి 20 మంది కావాలన్నది సారాంశం. ఇచ్చినవాళ్ల పేర్లు బయటికి రాకుండా నమూనాలకు గుర్తులు పెట్టారు. వాటిలో ‘ఆర్‌పీ11’ అన్నది ఒక పురుషుడిది. 2003 ఏప్రిల్‌లో హ్యూమన్ జీనోమ్ ప్రాజెక్టు పూర్తయిందని ప్రకటించేనాటికి, ఆ పటంలో దాదాపు 70 శాతం ఆయన డీఎన్‌ఏ నుంచి చదివిందే!

మనిషి డీఎన్‌ఏ అంటే ఏ, టీ, జీ, సీ అనే నాలుగు అక్షరాలతో రాసిన 300 కోట్ల అక్షరాల పొడుగు వరస. దాన్ని మొదలు నుంచి చివరిదాకా ఏకబిగిన చదివే యంత్రం లేదు. అందుకే డీఎన్‌ఏను సుమారు లక్షన్నర అక్షరాల ముక్కలుగా కోసి, బ్యాక్టీరియాలో చేర్చి, వాటితోపాటే పెంచారు. ఏ ముక్క ఏ క్రోమోజోములో ఎక్కడిదో తేల్చడం మ్యాపింగ్. ఆ ముక్కను మళ్లీ తునకలు చేసి, అక్షరం అక్షరం చదవడం సీక్వెన్సింగ్. ఒక తునక చివరి వరసే ఇంకో తునకకు మొదలైతే, ఆ రెండిటినీ పక్కపక్కన అతికిస్తారు. చినిగిన ఉత్తరాన్ని కూడగట్టినట్టే.

ఒకే వరస వేలసార్లు తిరిగి వచ్చే చోట్ల మాత్రం ఈ అతుకు కుదరలేదు. అలా మిగిలిపోయిన 8 శాతం భాగాన్ని పొడవైన తునకలు చదివే కొత్త యంత్రాలతో 2022లో పూరించారు.

ఏ ఇద్దరి డీఎన్‌ఏ అయినా 99.9 శాతం ఒక్కటే. మిగిలిన ఆ కాస్త తేడా అంటేనే దాదాపు 30 లక్షల అక్షరాలు. మన ఆరోగ్యానికి సంబంధించిన కీలకమైన సంగతులు కొన్ని అక్కడే ఉన్నాయి. హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థ శాస్త్రవేత్త కుమారస్వామి తంగరాజ్, సహచరులు 2009లో అలాంటిదే ఒకటి పట్టుకున్నారు. గుండె కండరానికి కావలసిన ఒక ప్రొటీన్ జన్యువులో 25 అక్షరాలు లోపించినవాళ్లు మన దేశంలో నూటికి నలుగురు. నడివయసు దాటాక వీరికి గుండె కండరం దెబ్బతినే ముప్పు ఎక్కువ. దక్షిణాసియా బయట ఈ లోపం చాలా అరుదు. బఫెలో పటాన్ని ఎంత చదివినా ఇది దొరికేది కాదు.

ఆ వెలితి తీర్చడానికే 2020లో జీనోమ్ ఇండియా ప్రాజెక్టు మొదలైంది. సీసీఎంబీ సహా 20 సంస్థలు కలిసి 80కి పైగా జనసమూహాల నుంచి 10 వేల మంది జన్యుక్రమాలు చదివాయి. 2025 జనవరిలో ఆ సమాచారాన్ని పరిశోధకులకు తెరిచారు. ఇక రోగి జన్యువులో ఏదైనా తేడా కనబడితే, అది ఇక్కడి ఆరోగ్యవంతుల్లో మామూలుగా ఉండేదా, జబ్బుకు కారణమా అన్నది మనవాళ్ల జన్యుక్రమాలతోనే పోల్చి చూడొచ్చు.