టెన్షియోమీటరులో లీకు: అతుకుకు తగిన జిగురు ఎంపిక

నేలలోని తేమను వేర్లు ఎంత బలంతో గ్రహించవలసి వస్తుందో తెలిపే పరికరం టెన్షియోమీటరు. నీటితో నింపిన ప్లాస్టిక్ గొట్టం, దాని అడుగున సూక్ష్మరంధ్రాలున్న పింగాణి కప్పు, పైన వాక్యూమ్ గేజి దీని ప్రధాన భాగాలు. ఇది సుమారు 80 సెంటీబార్ల వరకు పనిచేస్తుంది. అతుకు వద్ద సన్నని పగులు ఏర్పడినా గాలి లోనికి చొరబడి, గేజి వాస్తవం కన్నా తక్కువ అంకె చూపుతుంది. నేల ఆరిపోతున్నా తేమ ఉన్నట్లే కనబడుతుంది. పైరుకు ఇవ్వవలసిన తడి ఆలస్యమవుతుంది. పూర్తిగా పాడైన పరికరాన్ని వెంటనే గుర్తించవచ్చు. కొద్దిగా లీకయ్యే పరికరమే ప్రయోగ ఫలితాలకు ఎక్కువ ప్రమాదకరం.

జిగురు ఎంపిక దాని బలాన్ని బట్టి కాక, అతుకుకు ఇరువైపులా ఉన్న పదార్థాలను బట్టి జరగాలి.

పి.వి.సి. భాగాలను పరస్పరం అతికించడానికి పి.వి.సి. సాల్వెంట్ సిమెంటు తగినది. ఇది ఉపరితలాన్ని కొంత కరిగించి రెండు భాగాలను ఏకం చేస్తుంది. పింగాణిని కరిగించలేదు కనుక కప్పు అతుకుకు ఇది పనికిరాదు.

కప్పుకు, గొట్టానికి మధ్య రెండు భాగాలుగా లభించే ఎపాక్సీ జిగురు అనువైనది. ఇది ఖాళీలను నింపి, నీటిని తట్టుకుంటుంది.

క్షణాల్లో అతికే సయనోఅక్రిలేట్ జిగురు పెళుసైనది. నిరంతర తేమలో పట్టు సడలుతుంది. పాలిథీన్, పాలిప్రొపిలీన్ భాగాలకు సాధారణ జిగుర్లు అంటుకోవు; వాటిని మార్చడమే మేలు. గేజి మరల వద్ద జిగురుకు బదులు టెఫ్లాన్ టేపు చుట్టాలి.

అతికించే ముందు పాత జిగురును గీకి, కప్పును పూర్తిగా ఆరబెట్టి, గొట్టం అంచును గరుకు కాగితంతో రుద్ది శుభ్రపరచాలి. జిగురు కప్పు రంధ్రాలపై పరచుకుంటే నీరు కదిలే వైశాల్యం తగ్గి, పరికరం మందకొడిగా స్పందిస్తుంది. నింపే ముందు కనీసం 24 గంటలు ఆరనివ్వాలి.

తరువాత కప్పును నీటిలో నానబెట్టి, మరిగించి చల్లార్చిన నీటితో గొట్టాన్ని నింపి, మూత బిగించి, కప్పును గాలిలో ఆరనివ్వాలి. గేజి ముల్లు నిలకడగా పైకి పోయి, కప్పును తిరిగి నీటిలో ముంచగానే సున్న వైపు దిగితే అతుకు సక్రమంగా ఉన్నట్లే. ముల్లు మధ్యలోనే ఆగితే లీకు మిగిలి ఉందని భావించాలి.

మరమ్మతుకు ముందు నమోదైన అంకెలను సందేహాస్పదమైనవిగా గుర్తించి, విశ్లేషణ నుండి వేరుచేయాలి. జిగురు అతుకును సరిచేయగలదే కాని, అప్పటికే నమోదైన తప్పుడు అంకెను సరిచేయలేదు.