కాకినాడ కొట్టులో నల్లసముద్రం

కాకినాడలో మాది కిరాణా కొట్టు. వాకలపూడి వైపు వంటనూనె రిఫైనరీలకు ముడినూనె ఓడల్లో వస్తుంది. అక్కడ శుద్ధై, ప్యాకెట్లై మా అరల్లోకి చేరుతుంది. 2022 ఫిబ్రవరి 24న రష్యా ఉక్రెయిన్ మీద పడ్డప్పుడు టీవీవాళ్లు క్షిపణుల లెక్క చెబుతుంటే, మా హోల్‌సేలు ఆయన ఫోన్ చేసి ఒక్కటే మాటన్నాడు: "రేపటి రేటు నేను చెప్పలేనండీ."

చెప్పలేడు మరి. అప్పట్లో మన దేశం దిగుమతి చేసుకునే సన్‌ఫ్లవర్ నూనెలో సుమారు డెబ్బై శాతం ఉక్రెయిన్‌ది. మిగతాదాంట్లో ఎక్కువ రష్యాది. కొట్టుకునే ఇద్దరూ మన బాణలికి నూనె పోసేవాళ్లే!

లీటరు ప్యాకెట్ చూస్తుండగానే రెండొందల దరిదాపులకొచ్చింది. నెలవారీ ఖాతాదారులు సణుక్కుంటూనే తీసుకెళ్లారు. మా సందు చివర బజ్జీల బండి ఆవిడకి మాత్రం ఊపిరాడలేదు. రేటు పెంచితే గిరాకీ పోతుంది. అందుకని మిరపకాయకి శనగపిండి పల్చగా పట్టించడం మొదలెట్టింది. "పోనీ పామాయిలే ఇవ్వండి" అంది. ఏప్రిల్ 28న ఇండోనేషియా దాని ఎగుమతీ ఆపేసింది, సొంత జనానికే చాలడం లేదని. ఆ నిషేధం మూడు వారాలకు పైగా నడిచింది. "ఎక్కడో వాళ్లు కొట్టుకుంటే నా పొయ్యి మీద పడ్డమేంటండీ?" అని ఆవిడ నన్ను నిలదీసింది, నేనేదో ఓడల్ని ఆపించినట్టు.

నిజానికి ఉక్రెయిన్‌లో తిండిగింజలకు కొదవ లేదు. రెండు కోట్ల టన్నులకు పైగా ధాన్యం గోదాముల్లో మూలిగింది. ఒడెస్సా రేవు ముందు నల్లసముద్రంలో మందుపాతరలు, ఆవల రష్యా యుద్ధనౌకలు. బీమా లేకుండా ఏ ఓడ యజమాని సరుకెత్తుతాడు? రైల్లో పంపుదామంటే ఉక్రెయిన్ పట్టాల వెడల్పు వేరు, పక్కనున్న పోలండ్‌ది వేరు. సరిహద్దులో బండి మార్చాలి.

జులై 22న ఐక్యరాజ్యసమితి, టర్కీ మధ్యవర్తిత్వంతో ధాన్యం ఓడలకు దారి ఇవ్వాలని ఇస్తాంబుల్‌లో ఒప్పందం కుదిరింది. ఆగస్టు 1న రజోనీ అనే ఓడ ఇరవయ్యారు వేల టన్నుల మొక్కజొన్నతో ఒడెస్సా వదిలితే ప్రపంచమంతా చప్పట్లు కొట్టింది. తీరా చూస్తే, సరుకు ఐదు నెలలు ఆలస్యమైందని లెబనాన్ కొనుగోలుదారు వద్దు పొమ్మన్నాడు. టీవీలో ఎవరూ ఈ ముక్క గట్టిగా చెప్పలేదు గానీ, వ్యాపారం చేసేవాడికి అది వింతేం కాదు. దారి తెరిచినంత మాత్రాన పాత బేరం బతికుండదు. అయినా ఆ ఒప్పందం ఏడాదిలో మూడు కోట్ల టన్నులకు పైగా ధాన్యాన్ని దాటించింది. 2023 జులై 17న రష్యా అందులోంచి తప్పుకుంది.

రేపు బంద్ అని పుకారు పుడితే నా కొట్టు ముందు జనం రెట్టింపు సరుకులు కట్టించుకుంటారు. ప్రభుత్వాలూ అంతే, మనది మినహాయింపేం కాదు. 2022 మేలో గోధుమల ఎగుమతి ఆపాం, సెప్టెంబరులో నూకలు ఆపాం. 2023 జులై 20న బాస్మతి కాని తెల్లబియ్యం కూడా ఆపేశాం. ఇక్కడ ధరలు అదుపులో పెట్టడానికే అన్నారు, అది నిజమే. కానీ ప్రపంచ బియ్యం వ్యాపారంలో నలభై శాతం మనదే. మనం తలుపేస్తే చప్పుడు చాలా దూరం వినిపిస్తుంది. ఆ వారం అమెరికాలో ఉన్న మా అన్నయ్య కొడుకు ఫోన్ చేశాడు: "బాబాయ్, ఇండియన్ స్టోర్‌లో సోనామసూరి కోసం కొట్టుకుంటున్నారు. మనిషికో బస్తానే అంట." కొట్టుకున్నా వాడికి బస్తా దొరికింది, డబ్బూ ఉంది.

అందరికీ ఆ వీలుండదు. మా యాంకరేజి పోర్టులో బార్జీల మీద బియ్యం బస్తాలు వేసుకెళ్లి, లోపల సముద్రంలో ఆగి ఉన్న ఓడలకెక్కిస్తారు. అవి ఎక్కువగా పోయేది పశ్చిమ ఆఫ్రికాకి. సెనెగల్‌లో నూకలు పేదవాళ్ల తిండి మాత్రమే కాదు, ఇంటింటా వండుకునేవి. మన నూకల మీద నిషేధం 2025 మార్చి దాకా తీయలేదు. ఉక్రెయిన్ నూనె రాలేదని మేం తిట్టుకున్నన్ని రోజులే కాదు, అంతకంటే చాలా ఎక్కువే.