పిల్లి తిరిగే ఇంట్లో ఏ మొక్క పెంచాలి?

సంగారెడ్డి జిల్లాలో జొన్న వేసే రైతు లేత చేలోకి పశువును పోనివ్వడు. వానల్లేక వాడిన జొన్న అంటే మరీ భయం. మేస్తే నాము తగులుతుంది, పశువు చూస్తుండగానే పడిపోతుంది. లేత జొన్నలోని ధురిన్ అనే పదార్థం పశువు కడుపులో విడిపోయి సైనైడ్ విషం పుట్టడమే కారణం. ఇదే జిల్లాలోని పటాన్‌చెరులో 1972లో ఏర్పడిన అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌కు జొన్న ముఖ్యమైన పంట. ఆ పటాన్‌చెరు చుట్టూ అమీన్‌పూర్, బీరంగూడ, ఇస్నాపూర్‌లలో ఇప్పుడు అపార్ట్‌మెంట్లు లేచాయి. పశువుల కొట్టాలు పోయి పిల్లులు, కుక్కపిల్లలు వచ్చాయి. చేను దగ్గర రైతు చూపే జాగ్రత్త బాల్కనీలో కుండీ పెట్టేటప్పుడు మాత్రం మనకు గుర్తు రాదు.

గాలి కోసమే అయితే...

ఈ ప్రాంతంలో చాలామంది మొక్క కొనేది గాలి కోసం. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి గుర్తించిన తీవ్ర కాలుష్య ప్రాంతాల్లో పటాన్‌చెరు–బొల్లారం ఒకటి. రాత్రి ఫ్యాక్టరీల వాసన వస్తే కిటికీలు మూసుకోవడం ఇక్కడివాళ్లకు అలవాటే. అందుకే నర్సరీవాళ్లు ‘గాలిని శుభ్రం చేస్తుంది’ అనగానే మనీప్లాంట్, స్నేక్ ప్లాంట్, పీస్ లిల్లీ ఇంటికి వచ్చేస్తాయి.

ఈ నమ్మకం 1989లో వెలువడిన నాసా అధ్యయనంతో ప్రచారంలోకి వచ్చింది. ఆ ప్రయోగం గాలి చొరబడని చిన్న పెట్టెల్లో జరిగింది. అలాంటి అనేక ప్రయోగాలను 2019లో మళ్లీ లెక్కగట్టి చూశారు. మామూలు ఇంట్లో గాలి వచ్చిపోవడం వల్ల జరిగే పని మొక్కలతో జరగాలంటే చదరపు మీటరుకు తక్కువలో తక్కువ 10 మొక్కలు ఉండాలని తేలింది. గదిలో నాలుగు కుండీలు కంటికి హాయి, ఊపిరికి పెద్దగా ఒరిగేదేమీ లేదు. పైన చెప్పిన మూడు మొక్కలూ పెంపుడు జంతువులకు పడనివే. గాలి లాభం లేనప్పుడు ఆ ముప్పును ఇంట్లోకి తెచ్చుకోవడమెందుకు?

కంద చుట్టాలు

చేమాకు సరిగా ఉడక్కపోతే గొంతు దురద పెడుతుంది. ఆకులో సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు ఉంటాయి. అందుకే మనం చింతపండు వేసి వండుతాం. మనీప్లాంట్, డైఫెన్‌బేకియా, ఫిలోడెండ్రాన్, సింగోనియం, పీస్ లిల్లీ, జెడ్‌జెడ్ ప్లాంట్ అన్నీ కంద, చేమల కుటుంబానివే. కుక్కపిల్ల ఆకు కొరికితే ఆ సూదులు నోట్లో దిగుతాయి. చొంగ కారుస్తుంది, కాలితో మూతి రుద్దుకుంటుంది, వాంతి చేసుకుంటుంది. చాలావరకు ఇది ప్రాణం మీదికి రాదు. గొంతు వాచి ఊపిరి ఆడకపోతే మాత్రం ప్రమాదమే. స్నేక్ ప్లాంట్, కలబందలలో సపోనిన్లు ఉంటాయి. వాటివల్ల వాంతులు, విరేచనాలు అవుతాయి.

ప్రాణం తీసేవి

వీటి విషయంలో రాజీ పనికిరాదు. రోడ్డు డివైడర్లలో కనిపించే గన్నేరు, పచ్చగన్నేరు, బాల్కనీల్లో ముద్దుగా పూసే అడీనియం గుండె లయను దెబ్బతీస్తాయి. చిన్న ఈతచెట్టులా కనిపించే సైకస్ కాలేయాన్ని పాడుచేస్తుంది. అందులో గింజలు మరీ విషం. పీస్ లిల్లీ వేరు; అసలైన లిల్లీ పూలు పిల్లికి యముడే. ఒంటికంటిన పుప్పొడిని నాకినా, పూలు పెట్టిన నీళ్లు తాగినా రెండు మూడు రోజుల్లో మూత్రపిండాలు చెడిపోవచ్చు. పుట్టినరోజుకు వచ్చిన బొకేలో లిల్లీ ఉంటే, పిల్లి ఉన్న ఇంట్లోకి దాన్ని రానివ్వకండి.

కుండీలో పోసేవి

ఆకు ముట్టని కుక్క కూడా మట్టి తవ్వుతుంది. ఎరువుగా వేసే ఆముదపు పిండిలో రైసిన్ అనే విషం ఉండవచ్చు. దాన్ని ఎముకల పొడితో కలిపి వేస్తే ఆ వాసనకే కుక్క వెతుక్కుంటూ వస్తుంది. పురుగులకు వేసే గుళికల మందు ఇంటి కుండీల్లో అసలే వద్దు. ఫ్యాక్టరీల నుంచి తుక్కు దుకాణాలకు చేరిన రసాయనాల డ్రమ్ములను కోసి కుండీలు చేయకండి. ముందు అందులో ఏముండేదో తెలియదు, కింద పళ్లెంలో చేరిన నీళ్లు తాగేది పిల్లే.

బెంగలేకుండా పెంచుకునేవి

స్పైడర్ ప్లాంట్, అరెకా పామ్, బోస్టన్ ఫెర్న్, కలాథియా, పెపరోమియా, హవోర్థియా పిల్లికీ కుక్కకీ విషం కావు. కడుపు నిండా తింటే ఇవి కూడా వాంతి చేయించవచ్చు. పిల్లికి గడ్డి నమలడం సహజం కాబట్టి దానికంటూ చిన్న కుండీలో గోధుమలు మొలకెత్తించండి, మిగతా మొక్కల జోలికి పోవడం తగ్గుతుంది. గోధుమకు బదులు జొన్న వేయకండి, కారణం పైన చెప్పిందే. ఎత్తున వేలాడదీస్తే కుక్కకు అందదేమో, పిల్లికి అందుతుంది. వేలాడే తీగ దానికి ఆటవస్తువు.

తిననే తింటే

ఉప్పునీళ్లు పోసి కక్కించకండి. గొంతులోకి పోయిన ఆకు తిరిగి వస్తూ ఊపిరితిత్తుల్లో పడవచ్చు, ఉప్పే విషం కావచ్చు. నోట్లోని ఆకు ముక్కలు తీసి, తడిగుడ్డతో తుడవండి. మొక్క కొమ్మను సంచిలో వేసుకుని వెంటనే పశువైద్యుడి దగ్గరికి వెళ్లండి. ఏం తిన్నదో తెలిస్తేనే వైద్యం త్వరగా మొదలవుతుంది. గన్నేరు, లిల్లీ, సైకస్ అయితే లక్షణాలు కనిపించేదాకా ఆగవద్దు. దగ్గర్లో వైద్యుడు దొరక్కపోతే ముత్తంగి దగ్గర ఔటర్ రింగ్ రోడ్డెక్కి రాజేంద్రనగర్‌లోని పశువైద్య విశ్వవిద్యాలయం దారి పట్టవచ్చు. వైద్యుడి ఫోన్ నంబర్, రాత్రి వేళ ఎవరు చూస్తారన్న సంగతి ముందే కనుక్కుని ఫ్రిజ్ మీద అంటించండి.

నర్సరీలో అందమైన మొక్క కనబడితే ధర కంటే ముందు పేరు అడగండి. అమ్మేవాళ్లు పేరు చెప్పలేకపోతే ఫొటో తీసి, అది ఏమిటో తేలిన తర్వాతే కొనండి. ఇంట్లో ఇప్పటికే ఉన్న ప్రతి కుండీ మీద పేరు రాసి పెట్టండి. ఆపద వేళ డాక్టరు అడిగే మొదటి ప్రశ్నకు అదే జవాబు.